కావలికొండ మీద తువ్వాలు

ఈ ఏడు చెన్నరాయప్ప తోట తీసుకోకూడదని ఇంటి దగ్గరే తేల్చుకుని గుండప్ప బస్సెక్కాడు. తేల్చింది ఆయన కాదు, కొడుకు కేశవ.

"మామిడి యాపారం ఇంగ మనకొద్దప్పా," అన్నాడు కేశవ, ముందురోజు అంగడి మూసేటప్పుడు. "గాలొస్తే రాలిపోతాది, వానొస్తే కుళ్లిపోతాది. పూత చూసి కాపు కొనేది జూదం కాకపోతే ఇంకేంది? అంగడుండాది, రాగులుండాయి, బియ్యముండాయి. చాల్దా?"

"సరే," అన్నాడు గుండప్ప.

కేశవ ఇంకా నాలుగు మాటలు సిద్ధం చేసుకుని ఉన్నాడు. వాటితో పని పడకపోయేసరికి కాస్త తికమకపడి, షట్టరు కిందికి లాగాడు.

ఆషాఢంలో భార్య అంబుజమ్మ పోయినప్పటి నుంచి గుండప్ప నోట ఆ ఒక్క మాటే. డాక్టరు దగ్గరికి పోదామంటే సరే. అక్కర్లేదులే అంటే సరే. ఒకరోజు కోడలు సుమ పప్పుచారులో ఉప్పు వెయ్యడం మరిచిపోయింది. కేశవ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని పళ్లెం పక్కకు తోశాడు. ఆ పాటికి గుండప్ప మారు వడ్డించుకుని తింటున్నాడు.

"ఎట్లుండాది మామా?" అని సుమ భయంభయంగా అడిగింది.

"బాగుండాదమ్మా," అన్నాడు. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అడిగారు కాబట్టి చెప్పాడు.

కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో ఆయనది ధాన్యం అంగడి. కర్మాంతరాలు ముగిసిన మరునాడే వచ్చి గల్లా దగ్గర కూర్చున్నాడు. రాగులు తూచాడు, బస్తాల్లో చెయ్యి పెట్టి చెమ్మ చూశాడు, తేడా ఉన్న సరుకును వెనక్కి పంపాడు. గట్టి మనిషి అన్నారు పక్క అంగళ్లవాళ్లు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా ఆయనకు తమ పాత త్రాసు గుర్తొచ్చేది. రెండు తట్టల్లోనూ ఏమీ లేకపోయినా దాని ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. దూరం నుంచి చూసేవాడికి తూకం సరిగ్గా ఉందనే అనిపిస్తుంది.

తోట తీసుకోదలచుకోనివాడికి అంత దూరం పోయి కొండెక్కాల్సిన పనేమిటంటే, ఆ పక్క పద్ధతి అది. రాయల్పాడు దాటాక వచ్చే కావలికొండ మీద, పాళెగాళ్ల కాలంలో కావలివాళ్లు కూర్చుని నాలుగు దిక్కులూ చూసిన తావులు మూడున్నాయి. కొండ కిందంతా మామిడి తోటలు. మామిడి చెట్టును నేల మీద నిలబడి చూస్తే కనబడేది కింది అంచే. పూత అసలు సంగతి చెట్టు నెత్తిన ఉంటుంది. అందుకని కాపు కొనే వ్యాపారి మాఘమాసంలో కొండెక్కి ఆ తావుల నుంచి చూడాలి. నచ్చితే చిట్టచివరి బురుజు పిట్టగోడ మీద తెల్లగుడ్డ పరిచి, మూలలకు రాళ్లు పెట్టాలి. కింద ఉన్న రైతు గుడ్డను చూసి, చిలకల్ని తోలే రేకుడబ్బా వాయిస్తాడు. డబ్బా మోగిందంటే బేరం ముగిసింది, కాపు దిగేదాకా గుడ్డ అక్కడే ఉండాలి. కాగితం గీగితం ఏమీ ఉండదు.

నచ్చకపోతే గుడ్డ పరచకుండా దిగిపోవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. కాని పాత వ్యాపారి కొండెక్కకుండానే వద్దన్నాడంటే మాత్రం తోటకు మచ్చ. పూతలో ఏదో ఉందని ఊరంతా అనుకుంటుంది. తరువాత వచ్చేవాడు ఆ అనుమానాన్ని తన బేరానికి వాడుకుంటాడు. "చెన్నరాయప్పకు ఆ పాటి న్యాయమన్నా చెయ్యాల కదప్పా, ఎక్కి దిగొస్తాను," అన్నాడు గుండప్ప. ఈ మధ్య ఆయన అన్న పొడుగాటి మాట అదొక్కటే.

కేశవ ఒప్పుకున్నాడు. తండ్రికి తల తిరుగుడు ఉంది కాబట్టి తోడుగా సుమను పంపాడు. పంపే ముందు వంటింట్లోకి పోయి ఆమెతో విడిగా చెప్పాడు. "చూసి రానీ. మా అమ్మ తిరిగిన తావులు, ఆయనకూ కొంచెం గాలి మారినట్టుంటాది. గుడ్డ మాత్రం పరచనియ్యొద్దు."

గుడ్డ తీసుకుపోలేదు కూడా. అంబుజమ్మ ప్రతి ఏడూ పట్టుకుపోయే తెల్ల పంచె ముక్క పెట్టెలో మడతల్లోనే ఉండిపోయింది. ఇన్నేళ్లూ గుడ్డ పరిచింది అంబుజమ్మే. గుండప్ప దాన్ని చేత్తో తాకి ఎరగడు. బురుజు మీద నిలబడి తోటంతా ఒకసారి చూసి "పరిచెయ్" అనేవాడు. ఆమె పరిచేది.

బస్సు బేతమంగళ చెరువు పక్కగా పోతుంటే సుమ ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. గుండప్ప నీళ్ల వైపు చూశాడు. నీళ్లు ఉన్నాయి. అంతకు మించి ఏమీ తోచలేదు.

*

కొండ మొదట్లో, తోట కంచె దగ్గర చెన్నరాయప్ప ఎదురొచ్చాడు. నెత్తికి చుట్టిన తుండుగుడ్డ, మోకాళ్ల దాకా ఎగ్గట్టిన పంచె. గుండప్ప కంటే ఒకటి రెండేళ్లు చిన్న. ఇద్దరికీ పెళ్లి కాని రోజుల నుంచి పరిచయం.

"రా సెట్టీ. ఈసారి రావనుకొన్నా," అన్నాడు. తరువాత సుమను చూసి, "ఈమె మన కేశవ ఇంటామెనా? బాగుండావా తల్లీ?" అన్నాడు. అంబుజమ్మ ఊసు ఎత్తలేదు. ఎత్తనందుకు గుండప్పకు లోపల ఒక లెక్క తప్పినట్టయింది.

కాస్త అవతల, మోటారుబైకు మీద ఒక పడుచువాడు కూర్చుని ఉన్నాడు. పేరు పురుషోత్తమ్. పండ్లరసం ఫ్యాక్టరీ తరఫున తోటలు మాట్లాడుతుంటాడు. ముందర ట్యాంకు మీద చిన్న డ్రోన్ పెట్టుకుని దాని రెక్కలు తుడుస్తున్నాడు.

"నమస్కారం పెద్దాయనా," అన్నాడు. "ఈ వయసులో మోకాళ్లు అరగదీసుకొనేది ఎందుకు? ఎగరేస్తా, సుమ్నే, ఊరికే ఈడే కూర్చొని ఫోన్‌లో చూడు. చెట్టు నెత్తిన పురుగున్నా కనిపిస్తాది."

"నీ డ్రోన్ గుడ్డ పరుస్తాదా?" అన్నాడు చెన్నరాయప్ప.

"కావాలంటే దానికి పంచె కట్టి పంపిస్తా మామా."

చెన్నరాయప్ప పెద్దగా నవ్వాడు. సుమ కూడా నవ్వింది. ఇక్కడ నవ్వాలి కాబోలనుకుని గుండప్ప వాళ్ల తరువాత నవ్వాడు.

చెన్నరాయప్ప గొంతు తగ్గించి అన్నాడు. "దాపరికమేముండాది సెట్టీ. పొద్దు నెత్తికొచ్చేదాకా చూస్తా. గుడ్డ కనిపిస్తే నీది. కనిపించకపోతే ఆ పిల్లోడికి ఇచ్చేస్తా. వాడు కాయలు కోసేటప్పుడు కొమ్మలు విరగ్గొడతాడని అక్కయమ్మకు బాధ. ఇంగేం చేస్తాం?"

అక్కయమ్మ చెన్నరాయప్ప భార్య. ఆమె ఎక్కడో చెట్ల చాటున పొయ్యి రాజేస్తున్నట్టుంది, పొగ వాసన వస్తోంది.

వద్దని ముందే చెప్పకూడదు, అదీ పద్ధతే. గుండప్ప తల ఊపి, తువ్వాలు భుజం మీద సర్దుకుని, దారి పట్టాడు.

*

మెట్లు కొంతవరకే ఉన్నాయి. ఆ తరువాత బండల్లో తొలిచిన కాలిగుంతలు. సుమ ఎర్ర చుడీదారు దుపట్టా నడుముకు బిగించి ముందు నడిచింది. కాసేపటికే వెనకబడింది.

"మామా, నిదానం. మిమ్మల్ని చూసుకొనేదానికి నన్ను పొమ్మన్నాడు మీ కొడుకు. ఇప్పుడు నన్నే ఎవరన్నా చూసుకోవాల."

"బరువు ముందుకెయ్యమ్మా. వెనక్కి వాలితే బండ తోసేస్తాది."

మొదటి తావు నగారా గుండు. కొండ నడుములోంచి బయటికి పొడుచుకొచ్చిన వెడల్పాటి బండ. మధ్యలో గుండ్రంగా ఒక గుంట. నగారా పెట్టి వాయించిన చోటు అది. సుమ ఆ గుంటలోనే చతికిలబడింది.

"ఇక్కడ కొడితే ఎవరికి వినబడేదంట?"

"కింద ఊళ్లకు. దండు వస్తాందంటే పశువుల్ని తోలుకొని అడవిలోకి పొయ్యేటోళ్లు."

"ఇంత దూరం నుంచి దండు కనబడేదా?"

"మీ అత్త అనేది, దండు కనబడినా కనబడకపోయినా పన్ను వసూలుకొచ్చేవాడు మాత్రం ఖాయంగా కనబడి ఉంటాడని."

సుమ పగలబడి నవ్వింది. "అత్త అన్నిందా ఆ మాట?"

"ఈడికొచ్చినప్పుడల్లా అనేది. ప్రతిసారీ నేనూ నవ్వేవాణ్ణి."

అన్నాక ఆగాడు. ఆమె గొంతు గుర్తొస్తుందేమోనని చూశాడు. మాటలు గుర్తున్నాయి, గొంతు రాలేదు. సంత రోజు రావలసిన లారీ రాకపోతే రోడ్డు వైపు చూసినట్టు ఇంకాసేపు చూసి, లేచాడు.

"మన కేజీఎఫ్ బంగారు గనుల దిబ్బలు కనిపిస్తాయా మామా?"

"యాడ కనిపిస్తాయి? మధ్యలో ముళబాగిలు కొండలు అడ్డం. పద."

రెండోది కిటికీ గోడ. కోటగోడ కూలిపోగా మిగిలిన ముక్కలో, తుపాకి పెట్టుకోవడానికి వదిలిన సందు. ఒక కన్నుకు సరిపోయే అంత. ఒకరు చూస్తుంటే ఇంకొకరు ఆగాలి. గుండప్ప గోడ దగ్గరికి వచ్చి, రెండడుగులు ఇవతల నిలబడ్డాడు. సందు ఖాళీగానే ఉంది. అయినా నిలబడే ఉన్నాడు.

"ఏంది మామా, ఎవరి కోసం?"

ఆయనకు అప్పుడు తెలిసింది. ఇక్కడ ఎప్పుడూ అంబుజమ్మ ముందు చూసేది, చూసి పక్కకు జరిగేది. తాను చూసింది ఆమె జరిగాకే.

"నువ్వు ముందు చూడమ్మా," అన్నాడు.

సుమ కన్ను పెట్టింది. "అబ్బ! అన్నీ చెట్లే. ఏం చూడాల?"

"రంగు. పూత పచ్చగా, అంచున కొంచెం ఎరుపుగా ఉండాల. బూడిద చల్లినట్టు యాడన్నా ఉండాదా?"

"ఎడమ పక్క ఒక చింతచెట్టుండాది చూడండి, దాని పక్కన కొంచెం తెల్లగా... నాకేమో అంతా ఒకటే మాదిరి ఉండాది."

ఆమె జరిగింది. ఆయన చూశాడు. చింతచెట్టుకు ఆనుకుని నాలుగు చెట్లకు బూజు మొదలవుతోంది. మిగతాదంతా, ఈ పదేళ్లలో చూడని పూత. గుత్తులు గుత్తులుగా చెట్ల నెత్తిన కూర్చుని ఉంది. ఇలాంటి పూత చూస్తే గుండప్ప అరచేతులు తిమ్మిరెక్కేవి, నోరు ఆరిపోయేది. ఇప్పుడు చేతులు మామూలుగా ఉన్నాయి.

"నాలుగు చెట్లకు బూజు పడతాంది. మందు కొట్టాల," అన్నాడు.

"ఎవరు కొట్టాల?"

"ఎవరు తీసుకొంటే వాళ్లు."

*

బురుజు చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. కొండ కొసన గుండ్రటి రాతికట్టడం, నడుము ఎత్తు పిట్టగోడ. ఆ గోడ కొన్నిచోట్ల పడిపోయింది. పక్కనే బండలో ఒక దొన. వానాకాలం నిండిన నీళ్లు అడుగున ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. గాలి ఈల వేస్తోంది.

గుండప్పకు తల తిరిగింది. పిట్టగోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"కూర్చోండి మామా. మొగమంతా చెమట."

కూర్చోలేదు. దొన దగ్గర వంగి, భుజం మీది తువ్వాలు నీళ్లలో ముంచాడు. మొహం, మెడ, చంకలు తుడుచుకున్నాడు. ఇంకోసారి ముంచి నెత్తిన వేసుకున్నాడు. చల్లదనం ఒంటికి తెలిసింది. తరువాత దాన్ని గట్టిగా పిండి, దులిపి, పిట్టగోడ మీద పరిచాడు. గాలి ఎత్తుకుపోబోయింది. వంగి ఒక రాయి తెచ్చి మూలన పెట్టాడు. ఇంకో మూల లేచింది. ఇంకో రాయి. చేతులు రాళ్ల కోసం తమంతట తామే వెతుక్కుంటున్నాయి. గోడ మొదట్లో ఏ రాయి ఎక్కడుందో వాటికి తెలిసినట్టే ఉంది. మూడో రాయి పెట్టాడు. నాలుగో మూల టపటప కొట్టుకుంది.

సుమ లేచి నిలబడింది. చెయ్యి ముందుకు చాచింది. అలాగే ఒక్క క్షణం ఆగింది. ఆ తరువాత వంగి, కాలి దగ్గరున్న రాయి తీసి ఆ మూలన పెట్టింది.

"ఆరిపోతాది, ఎండ బాగుండాది," అన్నాడు గుండప్ప.

"ఊఁ," అంది సుమ.

ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు. సుమ సంచిలోంచి బొరుగులు, వేయించిన వేరుశెనగ విత్తనాలు తీసి కాగితం మీద పోసింది. కాసేపటికి కింద నుంచి తేనెటీగల ముసురు లాంటి చప్పుడు వచ్చింది. పురుషోత్తమ్ డ్రోన్ బురుజు చుట్టూ ఒకసారి తిరిగి, వాళ్ల ఎదుట గాలిలో ఆగింది. సుమ దానికి బొరుగులు చూపించింది. అది ఇటూ అటూ ఊగి కిందికి పోయింది.

"పూత ఎట్లుండాది మామా? ఏమీ చెప్పలేదే."

"బాగుండాది. చానా బాగుండాది," అన్నాడు. పక్కింట్లో పెళ్లి జరుగుతోందని చెప్పినట్టు చెప్పాడు.

అప్పుడు డబ్బా మోగింది.

చిలకలు వాలినట్టున్నాయి అనుకున్నాడు గుండప్ప, బొరుగులు నములుతూ. ఇంకో గుప్పెడు నోట్లో వేసుకున్నాక ఆలోచన ఒకచోట ఆగింది. పూత మీద చిలకలకు ఏం పని? పిందె పడాలి, కాయ పెరగాలి, తీపెక్కాలి. అప్పుడు కదా చిలకలు.

డబ్బా ఆగకుండా మోగుతోంది.

తల తిప్పి పిట్టగోడ వైపు చూశాడు. తెల్ల తువ్వాలు, నాలుగు మూలలా నాలుగు రాళ్లు. అంబుజమ్మ పరిచే చోటే. ఒక జానెడు కూడా తేడా లేదు.

"సుమా, నేనేం చేసినాను?"

"తువ్వాలు ఆరేసినారు."

గుండప్ప లేచి గోడ దగ్గరికి పోయాడు. తువ్వాలు తీసేద్దామా అనుకుని, తియ్యలేదు. డబ్బా మోగాక తీస్తే అది తోటకు ఇంకా పెద్ద మచ్చ. కేశవ గుర్తొచ్చాడు. ఇచ్చిన మాట గుర్తొచ్చింది. ఇప్పుడు గుండె దడదడలాడాలి. కాళ్లు చల్లబడాలి. అవి వస్తాయేమోనని కాసేపు ఆగాడు. ఏదీ రాలేదు.

"నువ్వు చూసినావా?"

"చూసినాను మామా."

"ఎప్పుడు తెలిసింది?"

"రెండో రాయికి."

"మరి నాలుగోది నువ్వే పెట్టినావే."

సుమ కాగితం మడత పెట్టింది, విప్పింది. "ఆయన చెప్పే పంపించినాడు. మీ చెయ్యి పట్టుకొని ఆపుదామనే లేసినాను. మీరేమో రాయి కోసం వెతుక్కొంటా ఉండారు. అత్త పోయినాంక ఎవరూ చెప్పకుండా మీరు చేసిన పని అదొక్కటే మామా. ఆపబుద్ధి కాలేదు."

"పొరపాటున చేసినానమ్మా."

"కానీండి. పొరపాటున కూడా ఏమీ చెయ్యకుండా ఉండారు ఇన్నాళ్లూ."

కింద డబ్బా ఆగింది.

"ఇప్పుడు దిగినాంక, పొరపాటైందని చెప్తే చెన్నరాయప్ప వదిలేస్తాడా?" అని అడిగింది సుమ.

"వదిలేస్తాడు. ఒక్క మాట కూడా అనడు. అదే కష్టం."

*

దిగేటప్పుడు గుండప్ప మనసులో చెప్పవలసిన మాటలు పేర్చుకుంటూ వచ్చాడు. ఏమీ అనుకోవద్దు చెన్నరాయప్పా. తువ్వాలు ఆరేసినాను, తోట తీసుకోలేదు. ఆ పురుషోత్తమ్‌ను ఆపు. మూడే మాటలు. కిటికీ గోడ దగ్గర ఒకసారి, నగారా గుండు దగ్గర ఒకసారి వాటిని తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా మెలిక లేదు. వద్దనే తట్టలో ఉన్నది ఒకటే, కొడుక్కిచ్చిన మాట. అటు వైపు ఏముందో ఆయనకు తెలియలేదు. కాని త్రాసు అటే ఒరుగుతోంది. చాలా రోజుల తరువాత ఒక తట్టలో ఏదో పడింది.

కింద మోటారుబైకు లేదు. తోటలో మొదటి చెట్టుకు పసుపు కుంకుమ పెట్టి ఉన్నాయి. కొట్టిన కొబ్బరికాయ చిప్పలు మొదట్లో ఉన్నాయి. చెన్నరాయప్ప రేకుడబ్బా ఇంకా చేత్తోనే పట్టుకుని ఉన్నాడు.

"వాడు పోయినాడు సెట్టీ," అన్నాడు. "డ్రోన్‌లో వాడికే ముందు కనిపించింది. 'గుడ్డ పరిచేసినారు మామా, పెద్దాయన కంటే ముందు ఎగరేసుకొని పోవాల్సింది నేను' అని నవ్వుకొంటా పోయినాడు. ఇంకో తోట చూసుకొంటాడులే. మంచోడే."

"చెన్నరాయప్పా, ఒక మాట..."

"అన్నా, ముందు తినండి, మాటలు యాడికి పోతాయి!" అని చెట్ల చాటు నుంచి అక్కయమ్మ కేకేసింది.

చెట్టు నీడన ఆకులు వేసి ఉన్నాయి. రాగిసంగటి, ఉలవచారు. అక్కయమ్మ వడ్డించి ఎదురుగా కూర్చుంది. గుండప్ప తినడం మొదలుపెట్టాడు.

"ఉప్పు సరిపోయిందా అన్నా? పొయ్యి పొగలో రుచి చూడలేదు."

గుండప్ప ముద్ద నోట్లోనే ఉంచుకుని ఆలోచించాడు. బాగుండాది అనే మాట నాలుక చివరికి వచ్చింది. "తెలీదమ్మా," అన్నాడు. "నాకు ఉప్పు తెలిసి చానా దినాలైంది."

అక్కయమ్మ ఆయన మొహం వైపు చూసింది. చిటికెడు ఉప్పు తెచ్చి ఆకు అంచున పెట్టింది. "నువ్వే చూసి కలుపుకో," అంది. సుమ తల వంచుకుని తింది.

తిన్నాక చెంబుతో చేతులు కడుక్కుని, గుండప్ప తుడుచుకోవడానికి భుజం మీదికి చెయ్యి వేశాడు. భుజం ఖాళీ. రెండో భుజం తడిమాడు.

"యాడ పెట్టినాను తువ్వాలు?"

చెన్నరాయప్ప నవ్వి, డబ్బా ఎత్తి కొండ కొస వైపు చూపించాడు. "అదిగో, ఆడ పెట్టినావు."

గుండప్ప తల ఎత్తాడు. ఆకాశానికి ఆనుకుని బురుజు, దాని మీద బియ్యపు గింజంత తెలుపు. గాలికి ఒక మూల కొంచెం మెరిసి ఆరుతోంది. ఇన్నేళ్లూ తాను పైనే ఉన్నాడు, గుడ్డ పక్కనే. దిగాక చెట్ల వైపే తప్ప, అది కింద నుంచి ఎలా కనబడుతుందో ఎన్నడూ తల ఎత్తి చూడలేదు.

"ఎప్పుడూ ఇట్లే కనిపిస్తాదా?" అని అడిగాడు.

"ఇట్లే. గుడ్డ కంటే ముందు అంబుజమ్మ కనిపించేది. పరిచి, కాసేపు అట్లే నిలబడేది, మాకు కనబడిందో లేదో అని. చీర కొంగు గాలికి ఎగిరేది. మేం డబ్బా కొట్టినాంకనే పక్కకు పొయ్యేది." చెన్నరాయప్ప తల గోక్కున్నాడు. "ఈసారి ఆమె లేదు కదా, నువ్వెట్ల పరుస్తావా అనుకొన్నా. ఎర్ర గుడ్డలేసుకొని ఎవరో నిలబడుండారు. ఆఁ, కోడలనుకొన్నా."

గుండప్ప పైకి చూస్తూనే ఉన్నాడు. ఎండ కళ్లలో పడుతోంది. కళ్లు చికిలించుకుని, అక్కడ తెలుపు పక్కన ఒక మనిషి నిలబడితే ఎంత ఉంటుందో కొలుచుకున్నాడు. చీమంత. అంత చిన్నదాన్ని ఇక్కడి నుంచి ఇన్నేళ్లూ ఈ మనిషి చూశాడు. తాను చూడలేదు. తాను పక్కనే నిలబడి తోట వైపు చూసేవాడు.

"ఏదో ఒక మాట అంటివే సెట్టీ. ఏందది?"

సుమ చెంబు పట్టుకుని కదలకుండా నిలబడింది. గుండప్ప పేర్చుకొచ్చిన మాటలు పేర్చినట్టే ఉన్నాయి. ఒక్కొక్కటీ తీసుకుని పక్కన పెట్టాడు.

"చింతచెట్టు పక్కన నాలుగు చెట్లకు బూజు పడతాంది," అన్నాడు. "రేపే మందు కొట్టాల. ఆలస్యం చేస్తే పక్క చెట్లకు పోతాది."

"చూసినావా, కిందుండి నాకు కనిపించలేదు! కొట్టిద్దాం."

ఇంతలో సుమ ఫోన్ మోగింది. కేశవ. ఆమె ఎత్తబోతుంటే గుండప్ప చెయ్యి చాచాడు.

"ఇట్లియ్యి. నా తువ్వాలు కదా."

"అప్పా, చూసినారా? దిగినారా?" అంటున్నాడు కేశవ. అంగట్లో ఎవరో బస్తా దించుతున్న చప్పుడు వినబడుతోంది.

"దిగినాం. కేశవా, తోట తీసుకొన్నాను."

కేశవ గొంతు లేచింది. "అప్పా! సరే అని చెప్పి పోయినారు కదా! సుమ యాడుండాది? వెనక్కి తీసుకొనేదానికి లేదా?"

"లేదు," అన్నాడు గుండప్ప. "సుమను ఏమీ అనొద్దు. ఇంటికొచ్చి మాట్లాడతా. కాయ దిగేదాకా నేను ఈడ తోటలో ఉండాల్సొస్తాది. అంగడి నువ్వు చూసుకో."

ఫోన్ సుమ చేతికిచ్చాడు. కేశవ ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. సుమ ఫోన్ చెవికి కొంచెం ఎడంగా పట్టుకుని, "ఊఁ... ఊఁ... ఇంటికొచ్చినాంక తిట్టుకో," అంటోంది.

తువ్వాలు తెచ్చుకోవడానికి మళ్లీ ఎక్కాలా అని గుండప్ప అడగలేదు. కాపు దిగేదాకా దాన్ని తీయకూడదని ఆయనకూ తెలుసు. అక్కయమ్మ తోట గుడిసెలోంచి ఉతికిన తుండుగుడ్డ ఒకటి తెచ్చి ఇచ్చింది. దాంతో చేతులు తుడుచుకుని, భుజం మీద వేసుకున్నాడు. అలవాటు లేని బరువు, కాస్త గరుకుగా ఉంది.

"ఆ నాలుగు చెట్లు చూపిస్తా పద," అని చెన్నరాయప్పతో అన్నాడు. ఇద్దరూ చింతచెట్టు వైపు నడిచారు.